కోరంగి ఆకాశంలో కానరాని పక్షి

కాకినాడ నుండి యానాం వెళ్ళే దారిలో, చొల్లంగి దాటిన పిదప కోరంగి మడ అడవులు మొదలవుతాయి. గౌతమీ గోదావరి సముద్రాన్ని చేరే ఈ ప్రాంతాన్ని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. చెట్ల మధ్య వేసిన చెక్కబాట మీద నడుస్తుంటే, బురదలో నుండి పైకి పొడుచుకొచ్చిన వేళ్ళు, వాటి నడుమ పరుగెత్తే పీతలు, నీటి అంచున కదలక నిలిచిన కొంగలు కనిపిస్తాయి. ఇక్కడి పక్షుల పట్టికలో తెల్లవీపు రాబందు పేరు కూడా ఉంది. అది విన్న మా మదర్సా విద్యార్థి ఒకడు, "హజ్రత్, రాబందు ఎలా ఉంటుంది?" అని అడిగాడు. చూపించడానికి ఆకాశంలో గద్దలే ఉన్నాయి.

ఊరి వెలుపల పశువు చచ్చిపడితే గంటల్లో ఎముకలు మాత్రమే మిగిల్చి, దుర్గంధాన్నీ రోగాలనూ తొలగించిన పక్షి అది. 1992కూ 2007కూ మధ్య మన దేశంలో తెల్లవీపు రాబందులు నూటికి తొంభై తొమ్మిదికి పైగా అంతరించాయి. పశువుల నొప్పికీ వాపుకూ వాడే డైక్లోఫినాక్ అనే మందే కారణమని పాకిస్తాన్‌లో జరిగిన పరిశోధన 2004లో వెల్లడించింది. ఆ మందు ఇచ్చిన కొద్ది కాలానికే పశువు మరణిస్తే, దాని మాంసం తిన్న రాబందు మూత్రపిండాలు చెడి చనిపోతుంది. 2006లో ప్రభుత్వం పశువైద్యంలో దీనిని నిషేధించింది.

మిగిలిన పక్షులను కాపాడేందుకు హర్యానాలోని పింజోర్‌లో అటవీశాఖ, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ కలిసి సంతానోత్పత్తి కేంద్రం నెలకొల్పాయి. హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలలోనూ అటువంటి కేంద్రం ఉంది. ఈ పని ఎంతో నిదానమైనది. రాబందు ఏడాదికి ఒకే గుడ్డు పెడుతుంది. పిల్ల ఎదిగి జతకట్టడానికి సుమారు అయిదేళ్ళు పడుతుంది. అందుకే తొలి గుడ్డును తీసి యంత్రంలో పొదిగిస్తే, ఆ జంట మరొక గుడ్డు పెట్టే అవకాశం ఉంటుంది. 2020లో పింజోర్ నుండి కొన్ని పక్షులను స్వేచ్ఛగా విడిచిపెట్టారు.

గోదావరి పరీవాహకంలోనూ ఆశ మిగిలే ఉంది. ఎగువన, ప్రాణహిత ఒడ్డున బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్టపై 2013లో పొడుగుముక్కు రాబందుల గూళ్ళు కనిపించాయి. ఆ గుట్టను ఒరుసుకుని పారే నీరే రాజమండ్రి మీదుగా డెల్టాకు చేరుతుంది.

అయితే పంజరంలో పెరిగిన పక్షి బయటికి వచ్చి తినే తొలి కళేబరం విషపూరితమైతే, ఇన్నేళ్ళ శ్రమ ఒక్క పూటలో వ్యర్థమవుతుంది. కనుక పశువులున్న ప్రతి కుటుంబానికీ ఇందులో బాధ్యత ఉంది. మనుషుల కోసం అమ్మే డైక్లోఫినాక్ ఇంజెక్షన్ కొని పశువుకు వేయించకండి. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ ఉంది. దానిని గురించి పశువైద్యుణ్ణి అడగండి. మందు వాడిన పశువు మరణిస్తే బయట పారవేయక లోతుగా పూడ్చిపెట్టండి.