ఏడిళ్ల పిల్లి

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు. మా ఇంటికొచ్చిన పిల్లికి మాది ఎన్నో ఇల్లో నాకు తెలియదు. ఒక ఇంట్లో పెరిగి, వాళ్లు ఊరు మారుతూ వదిలేస్తే వీధిన పడి, అక్కడి నుంచి వేరేవాళ్ల చేతుల్లో పడి మా డోన్ చేరింది.

అసలు పిల్లి కావాలన్నది నేనే. ప్రేమతో కాదు, ఎలుకల బాధ పడలేక! వెనక గదిలో రెండు మూటల శెనక్కాయలు పెట్టుకున్నాం. తెల్లారేసరికి సంచికి చిల్లు, నేలంతా పొట్టు. ఆ మాటే హైదరాబాద్‌లో ఉన్న మా పాపతో ఫోన్లో అంటే, "ఉండమ్మా, నేను తెస్తాలే" అంది.

హైదరాబాద్‌లో దిక్కులేని కుక్కల్నీ పిల్లుల్నీ చేరదీసే చోట్లున్నాయి. 1992లో అక్కినేని అమల మొదలుపెట్టిన బ్లూ క్రాస్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. పాప వెళ్లింది అలాంటిదే ఇంకో చిన్న చోటికి. వాళ్లు పిల్లిని ఊరికే చేతిలో పెట్టలేదు. నాకు ఫోన్ చేసి పిల్లనిచ్చేవాళ్లు అడిగినట్టు అడిగారు. ఇంట్లో ఎవరెవరుంటారు? పెద్దవాళ్లున్నారా? పిల్లి రావడం అందరికీ ఇష్టమేనా?

"అందరికీ ఇష్టమేనండీ" అనేశాను. మా అత్తను మాత్రం అడగలేదు.

అత్తను మేం అడగనిది అదొక్కటే కాదు. 2024లో సంక్రాంతి వెళ్లాక మా మామ పోయారు. ప్యాపిలి దగ్గర పల్లెలో పెద్ద మిద్దె, అందులో అత్త ఒక్కతే. "ఒక్కదానివే ఎట్లుంటావు, మాతో వచ్చేయ్" అని మావారు తీసుకొచ్చేశారు. వస్తావా అని అడగలేదు, వచ్చేయ్ అన్నాం. ఆమె కోసం గది సర్ది, కొత్త మంచం, కొత్త రగ్గు, కొత్త ఫ్యాను అమర్చాను. ఊరి నుంచి తెచ్చుకున్న పాత బొంత మాసిపోయి ఉందని మూటగట్టి అటక మీదికి తోసేశాను. ఎంత బాగా చూసుకుంటున్నానో అని లోలోపల నాకు గర్వం కూడా!

అత్త మాత్రం జొన్నరొట్టె సగం తిని గదిలోకి వెళ్లిపోయేది. "ఏం కావాలత్తా?" అంటే, "ఏమొద్దులే మ్మా" అనేది. నాలుగు నెలలైనా అదే మాట. ఇంత చేసినా ఇంకేం తక్కువైందని నాకు లోపల కోపం వచ్చేది.

జూన్‌లో పాప, అల్లుడు కారులో వచ్చారు. ఒళ్లో బుట్ట, బుట్టలో బూడిదరంగు పిల్లి. చంకలో పిల్లిని పెట్టుకుని పెళ్లికెళ్లినట్టు, దారి పొడుగునా అది అరుస్తూనే ఉందట. ఎడమ చెవి కొస కత్తిరించి ఉంది. అయ్యో, ఎవరు కోశారో అనుకున్నాను. వీధిలో ఉన్నప్పుడు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేశారనడానికి అది గుర్తని పాప చెప్పింది. బుట్టతోపాటు ఒక కాగితం, ఒక మాసిన పాత గుడ్డ ఇచ్చారు. కాగితం మీద మొదటి మాట, "ఈ గుడ్డ ఉతకవద్దు."

నాకు నవ్వొచ్చింది. ఉతకని గుడ్డ నా ఇంట్లోనా? కారణం కూడా కిందే రాశారు. పిల్లి తన ఇంటిని కంటితో కాదు, వాసనతో గుర్తుపడుతుంది. దాని చెంపల్లో వాసన గ్రంథులుంటాయి. తలుపుకో మన కాళ్లకో చెంప రుద్దిందంటే 'ఇది నాది' అని గుర్తు పెట్టుకున్నట్టు. కొత్త చోట ఏదీ తనది కాదు గనక, తన వాసనున్న పాత గుడ్డ ఒక్కటైనా పక్కనుంటే ధైర్యంగా ఉంటుందట.

మిగతా సూచనలు ఇవీ. మొదట ఇల్లంతా తిప్పకుండా ఒకే గదిలో ఉంచాలి. దాక్కోవడానికి ఒక అట్టపెట్టె, ఒక మూల తిండి, నీళ్లు, వాటికి దూరంగా ఇంకో మూల ఇసుక పోసిన తొట్టి పెట్టాలి. దాక్కుంటే బయటికి లాగకూడదు. బెదురు తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి తెలియడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లే అనుకోవడానికి మూడు నెలలు పడుతుందని ఒక లెక్క. కొన్నింటికి ఇంకా ఎక్కువే పట్టొచ్చు.

పిల్లిని వెనక గదిలోనే ఉంచాం. ఎలుకల పని కూడా అయిపోతుందని నా ఆశ! మొదటి రోజు పెట్టెలోంచి కదల్లేదు. రాత్రి మాత్రం గిన్నెలో ఉడికించిన కోడిమాంసం కొంచెం తగ్గింది. పాప వాళ్లు మర్నాడు వెళ్లిపోయారు.

మూడో రోజు సాయంత్రం తలుపు తీస్తే పెట్టె ఖాళీ! మూటల వెనక లేదు, తలుపు సందునా లేదు. నేను తలుపు సరిగ్గా వేయలేదేమోనని గుండె జారిపోయింది. మావారు వీధిలోకి పరుగెత్తారు. నేను పెరట్లో బ్యాటరీ లైటు వేసి వెతుకుతున్నాను. ఆ గోలకు అత్త గదిలోంచి బయటికొచ్చింది. ఆ వేళప్పుడు ఆమె గడప దాటి రావడం అదే మొదటిసారి.

"అది కింద యాడుంటాది మ్మే? బెదిరిన పిల్లి పైకెక్కుతాది. అటక మీద చూడు" అంది.

స్టూలెక్కి చూశాను. అటక మీద, నేను తోసేసిన మూట మీద ముడుచుకుని పడుకుంది పిల్లి. రెండు కళ్లు దీపాల్లా మెరిశాయి. దాన్ని దించబోతే, "దాన్ని ముట్టుకోవద్దు, ఉండనీ" అంది అత్త. ఆమె చూపు మూట మీద ఉంది.

"ఆ బొంత ఈడుందా? పారేసినావనుకొంటి."

అంతే అంది. కోపం లేదు, నిష్ఠూరం లేదు. అత్త తన పాత చీరలూ, మామ పంచెలూ కలిపి స్వయంగా కుట్టుకున్న బొంత అది. నాలుగు నెలలుగా పారేశాననే అనుకుంటూ, ఒక్క మాట అడగకుండా నా ఇంట్లో కొత్త రగ్గు కప్పుకుని పడుకుంది. పిల్లి గుడ్డ ఉతకవద్దని కాగితం రాసిన మనుషులున్నారు. అత్త విషయంలో నాకు కాగితం ఇచ్చేవాళ్లెవరు?

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను కొత్త కోడలిగా ఆ పల్లెకు వెళ్లినప్పుడు, ఈ అత్తే వారం రోజులు నన్ను వంటింట్లోకి రానివ్వలేదు. నేనంటే ఇష్టం లేదని అమ్మకు ఉత్తరం కూడా రాశాను. నేను కుదుటపడేదాకా ఆగిందని ఇన్నేళ్లకు అర్థమైంది.

పిల్లి తనంతట తాను దిగాక బొంత దించాను. "ఉతికి ఇస్తానత్తా" అనబోయి నాలిక కరుచుకున్నాను. అలాగే ఇచ్చాను. తనే రెండు రోజులు ఎండలో వేసుకుని కప్పుకుంది.

పిల్లిని తెచ్చుకోవాలనుకునే వారికి నేను నేర్చుకున్న నాలుగు ముక్కలు చెబుతాను. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి. ఉత్త పెరుగన్నం మీద పెంచకూడదు. మాంసాహారం లేకపోతే కళ్లు, గుండె దెబ్బతింటాయి. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూర పెట్టకూడదు. జ్వరానికి మనం వేసుకునే పారాసెటమాల్ పిల్లికి ప్రాణం తీసే విషం. ఫినాయిల్ పోసి తుడిచిన తడినేల మీద తిరగనివ్వకూడదు. ఒకటి రెండు రోజులు బొత్తిగా తినకపోతే లివరుకు ప్రమాదం, వెంటనే పశువుల డాక్టరుకు చూపించాలి. రేబిస్ టీకా వేయించాలి. అది రక్కినా కరిచినా పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగి, ఆసుపత్రికి వెళ్లాలి. అన్నిటికన్నా ముందు, ఇంట్లో పెద్దవాళ్లను అడగాలి!

మూడు వారాలకు పిల్లి వంటింటి గడప దాకా వచ్చింది. దసరానాటికి ఇల్లంతా దానిదే. మధ్యాహ్నం అత్త మంచం మీద, ఆ బొంత మీదే నిద్ర. అత్త దానితో ఊరి సంగతులు చెబుతుంటుంది. నాతో కూడా అప్పుడప్పుడు. రొట్టె ఇప్పుడు పూర్తిగా తింటోంది, ఊరిబిండి తనే నూరుతుంది. నెలకోసారి పల్లెకు తీసుకెళుతున్నాం. మిద్దె తలుపు తీసి ఊడ్చి, దీపం పెట్టి వస్తుంది.

అయినా మాటల్లో ఇంకా "మీ ఇంట్లో" అనే అంటుంది. మొదట్లో ఆ మాట నాకు గుచ్చుకునేది. ఇప్పుడు దిద్దడం మానేశాను. డెబ్బై ఏళ్లు బతికిన ఊరు మరి... మూడు నెలల లెక్క పిల్లికి గానీ మనిషికి కాదు.

ఇంతకీ ఎలుకల సంగతా? మా పిల్లి ఇంతవరకు ఒక్కటీ పట్టలేదు. శెనక్కాయలు స్టీలు డ్రమ్ములో పోసుకున్నాను.