ఆపిన బంతి ఎటు పోయింది?

2024 ఆగస్టు 4న పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్‌ఫైనల్ మీలో చాలామంది చూసే ఉంటారు. బ్రిటన్‌తో ఆట. 17వ నిమిషంలో అమిత్ రోహిదాస్‌కు రెడ్ కార్డ్ చూపించారు. అక్కడి నుంచి దాదాపు 43 నిమిషాలు మనవాళ్లు పదిమందితోనే ఆడారు. ఆ పదిమందితోనే హర్మన్‌ప్రీత్ గోల్ కొట్టాడు, బ్రిటన్ ఒకటి తిప్పికొట్టింది, 1-1తో ఆట ముగిసింది. షూటౌట్‌లో 4-2తో గెలిచాం. మరునాడు అందరూ శ్రీజేష్ డైవ్‌ల గురించే మాట్లాడుకున్నారు. మా చిన్నది మాత్రం, "డైవ్ కాదు డాడీ, ఆపినంక బాల్ యాడికి పోతుందో చూడు" అంది.

అది ఇప్పుడు తొమ్మిదో తరగతి. రెండేళ్లుగా స్కూల్ హాకీ టీమ్‌లో గోల్‌కీపర్. "ఆడపిల్లకు ఇంకో పొజిషన్ దొరకలేదా?" అని బోధన్‌లో చుట్టాలు అడుగుతూనే ఉంటారు. ఈసారి జోనల్ టీమ్‌కు ఇద్దరు కీపర్లలో ఒకరినే తీసుకుంటారట. అందుకే సాయంత్రాలు నేను కూడా గ్రౌండ్‌కు వెళ్తున్నాను, చేతిలో ఒక నోట్‌బుక్‌తో. అందులో రెండు గడులు: ఎవరు ఎన్ని ఆపారు అనేది ఒకటి, ఆపాక బంతి ఎటు పోయింది అనేది రెండోది.

మొదటి గడిలో ఇద్దరూ ఇంచుమించు సమానం. తేడా అంతా రెండోదానిలోనే ఉంది. రెండో అమ్మాయికి ధైర్యం ఎక్కువ, బంతి మీదికి దూకేస్తుంది. చూడ్డానికి ఎంతో బాగుంటుంది, నేను కూడా చప్పట్లు కొడతాను. కానీ ఆమె ప్యాడ్‌కు తగిలిన బంతి చాలాసార్లు గోల్ ముందుకే వచ్చి పడుతుంది. మా పిల్ల అంత దూకదు. నిలబడి కాలి ప్యాడ్‌ను కొద్దిగా పక్కకు తిప్పి బంతిని సైడ్‌లైన్ వైపు పంపేస్తుంది. ఎత్తు బంతులు వస్తే మాత్రం ఇది తడబడుతుంది, అందులో ఆ అమ్మాయే మేలు. కన్నతండ్రిని కదా, అయినా నోట్‌బుక్‌లో ఉన్నది ఉన్నట్టే రాస్తున్నాను.

ఈ రీబౌండ్ అంత పెద్ద విషయమా అంటే, అవును. హాకీ బంతి 160 గ్రాముల గట్టి ముద్ద. ఇప్పటి ఫోమ్ ప్యాడ్‌లకు తగిలితే గోడకు తగిలినట్టు ఎగిరి వస్తుంది. మంచు మీద ఆడే ఐస్ హాకీలోనైతే కీపర్ గ్లవ్‌తో పక్‌ను కప్పేస్తే విజిల్ వేసి ఆట ఆపుతారు. మన హాకీలో ఆ సౌకర్యం లేదు. బంతిని కింద పెట్టుకుని పడుకుంటే ఎదుటివాళ్లకు పెనాల్టీ కార్నర్ ఇస్తారు, ఒక్కోసారి స్ట్రోకే ఇస్తారు. కాబట్టి ఆపడంతో పని అయిపోదు, దాన్ని ఎటో ఒక వైపు పంపాలి. ఆ నిర్ణయానికి అర సెకను కూడా ఉండదు.

పదకొండు మంది ఉన్నప్పుడు ఈ తేడా అంతగా కనపడదు. కీపర్ వదిలిన బంతిని డిఫెండర్ తీసేస్తాడు. గ్రీన్ కార్డ్ వచ్చి రెండు నిమిషాలు, ఎల్లో కార్డ్ వచ్చి కనీసం ఐదు నిమిషాలు ఒకరు బయట కూర్చున్నప్పుడు అసలు సంగతి తెలుస్తుంది. గోల్ ముందు పడ్డ బంతిని తీసే మనిషి అప్పుడు ఉండడు. ఐస్ హాకీలో చిన్న తప్పుకైతే ఎదుటివాళ్లు గోల్ కొట్టగానే బయటున్నవాడు తిరిగి రావచ్చు. మనకు అదీ లేదు, కూర్చోవాల్సిన టైమ్ మొత్తం కూర్చోవాల్సిందే.

మా నాయిన శక్కర్‌నగర్ షుగర్ ఫ్యాక్టరీలో పనిచేశాడు. 2015లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది గానీ ఆయన మాటల్లో క్రషింగ్ సీజన్ ఇంకా నడుస్తూనే ఉంటుంది. మనవరాలు ఇదంతా వివరిస్తే విని, "షిఫ్ట్‌ల ఒకడు తక్కువైతే అంతే బిడ్డా. నీ చేతికొచ్చింది పక్కోని మీదికి నెట్టొద్దు, వాని చేతులు ఖాళీ లేవు" అన్నాడు. కోచ్ గారు చెప్పినదానికన్నా అది దానికి తొందరగా ఎక్కింది.

మనకు దగ్గరి ఉదాహరణలు లేవని కాదు. నిజామాబాద్ నుంచే యెండల సౌందర్య భారత జట్టుకు ఆడింది. చిత్తూరు జిల్లా అమ్మాయి ఎతిమరపు రజని చాలాకాలం సవితా పూనియా వెనుక రెండో గోల్‌కీపర్‌గా ఉంది. అయినా 2024 జనవరిలో మస్కట్‌లో జరిగిన మొదటి హాకీ ఫైవ్స్ ప్రపంచకప్‌లో ఆమే మన మహిళల జట్టుకు కెప్టెన్, రజతం తెచ్చారు. జట్టుకు ఐదుగురే ఆడే ఆ ఆటలో మైదానం చుట్టూ బోర్డులు ఉంటాయి, బయటికి కొట్టి ఊపిరి పీల్చుకుందామంటే బంతి బోర్డుకు తగిలి మళ్లీ లోపలికే వస్తుంది. రెండో కీపర్‌గా ఏళ్ల తరబడి ఎదురుచూసిన మనిషి పేరు మా ఇంట్లో ఈ మధ్య తరచూ వినిపిస్తోంది. ఎందుకో చెప్పక్కర్లేదు.

ఒకటి మాత్రం కోచ్ గారిని అడిగాను. ఒకరు తక్కువగా ఆడే నిమిషాలు మ్యాచ్‌కు రెండో ఐదో ఉంటాయి. అంత కొద్దిసేపట్లో పడిన గోల్స్‌ను బట్టి ఒక పిల్ల బలాన్ని ఎలా తేలుస్తారు? ఆయన ఒప్పుకున్నారు. ఇప్పుడు ప్రాక్టీస్‌లో చివరి పది నిమిషాలు ఒక డిఫెండర్‌ను కావాలనే కూర్చోబెడుతున్నారు, ఇద్దరు కీపర్లకూ సమానంగా. నా నోట్‌బుక్‌లో మూడో గడి గీశాను. లిస్ట్ వచ్చే వారం పెడతారు.