కృష్ణ ఒడ్డున కాల్చిన చేప

మా ఎస్టీ కాలనీకి వచ్చిన మొదటి గవర్నమెంటు ఉద్యోగం కరెంటు స్తంభాలెక్కే ఉద్యోగం. అది మాలో పెద్దవాడికి వచ్చింది. మొదటి జీతం పడగానే, "ఈసారి బెజవాడ పోయినప్పుడు ఏటి ఒడ్డున హోటల్లో మీ అందరికీ తినిపిస్తా" అన్నాడు. ఆ పోవడం కూడా తొందరగానే కుదిరింది. అవ్వకి శుక్లాల ఆపరేషన్ అయ్యాక మళ్ళీ చూపించాల్సిన రోజు వచ్చింది. నలుగురం కుర్రవాళ్ళం, అవ్వ, మొత్తం ఐదుగురం చెరుకుపల్లిలో బస్సెక్కి, తెనాలిలో మారి బెజవాడ చేరాం. కళ్ళ డాక్టరు పని మధ్యాహ్నానికి అయిపోయింది. పొద్దుగూకేసరికి కృష్ణ ఒడ్డుకి వెళ్ళాం.

ఆ హోటలు బ్యారేజీకి ఎగువన ఉంది. పైన కప్పు లేదు, చెట్లకి దీపాల దండలు కట్టారు. చెక్క బల్లలు, పక్కన బొగ్గుల పొయ్యిలు, పొయ్యిల మీద ఇనుప ఊచలు. గ్రిల్ అని ఇంత పెద్ద అక్షరాలతో బోర్డు ఉంది. మేం బోర్డు చదివేలోపే అవ్వ ముక్కు ఎగబీల్చి, "ఎవరో చేపలు కాలుస్తున్నార్రా" అంది. ఆపరేషన్ అయిన కన్ను ఇంకా మసగ్గానే ఉంది. ముక్కుకి ఆ బాధ లేదు.

కూర్చున్నాక మా భయాలు మొదలయ్యాయి. మేం డిగ్రీలు చదివినవాళ్ళమే, హాస్టళ్ళలో పెరిగినవాళ్ళమే. అయినా ఆ లావుపాటి మెనూ కార్డు చేతిలోకి రాగానే ఏది ముందు చెప్పాలో, చెంచాతో తినాలో చేత్తో తినాలో తెలియలేదు. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కార్డులో కబాబులు, గ్రిల్ చేసిన రొయ్యలు, కాల్చిన పండుగప్ప, బొంగులో చికెన్ ఉన్నాయి. ధరలు చూసి ఒకడు నీళ్ళు తాగాడు. అవ్వ మాత్రం ఆర్డరు రాసుకునే కుర్రాణ్ణి నేరుగా అడిగింది: "ఈ చేప ఏ నీళ్ళదయ్యా? కిష్ణదేనా?"

ఆ కుర్రాడు మంచివాడు. అటూ ఇటూ చూసి, మెల్లగా, "కాదవ్వా, చెరువులో పెంచిందే. రొయ్యలు కూడా చెరువువే" అన్నాడు.

రొయ్యలన్న మాట వినగానే మాకు నిజాంపట్నం వైపు ఒక చెరువు గట్టు మీద గుడిసెలో ఉన్న మా పెదనాన్న గుర్తొచ్చాడు. రొయ్యల ఎగుమతిలో దేశంలో మన ఆంధ్రప్రదేశే ముందుంది. వెనామీ రొయ్య మన దేశానికి 2009లో అనుమతితో వచ్చాక తీరం వెంట వరి చేలు కూడా చెరువులయ్యాయి. ఆ చెరువులకి రాత్రి కాపలా ఎవరని అడిగితే చాలా చోట్ల వచ్చే జవాబు యానాదులనే. రాత్రంతా ఏరేటర్లు ఆగకుండా చూడాలి, మేత చల్లాలి, దొంగలు రాకుండా కాయాలి. పిల్ల పెళ్ళికని పెదనాన్న తీసుకున్న అడ్వాన్సు ఏళ్ళు గడిచినా తీరడం లేదు. లెక్క యజమాని పుస్తకంలో ఉంటుంది, పెదనాన్నకి చదువు లేదు. వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది 1976లో. ఆ చట్టం పేరు మేం కాలేజీలో చదివాం, పెదనాన్న ఇప్పటికీ వినలేదు. ఆ రాత్రి మేం రొయ్యలు చెప్పలేదు. ఎందుకు వద్దో ఎవరూ అనలేదు.

పండుగప్ప చెప్పాం. పళ్ళెం నిండా వచ్చింది. గాట్లు పెట్టి, మసాలా పట్టించి, పైన నిమ్మచెక్కలు, ఉల్లిపాయ చక్రాలు పెట్టారు. అవ్వ వేలితో నొక్కి చూసింది. "ఐసులో రెండ్రోజులుంది. పొలుసు తీసేసి కాల్చారు, అందుకే కండ ఎండిపోయింది" అని తీర్పు చెప్పింది. తర్వాత తినడం మొదలుపెట్టి, తల మాకెవ్వరికీ దక్కనివ్వలేదు.

మా ఇళ్ళలో చేప కాల్చే పద్ధతి వేరు. ఎండాకాలం కాలువ కట్టేసి నీళ్ళు తగ్గినప్పుడు మడుగుల్లో ఊత వేసి పట్టిన కొర్రమీనునో మట్టగుడిసనో పొలుసుతోనే నిప్పుల మీద పడేస్తాం. పొలుసూ తోలూ మాడి, లోపలి కండకి కవచంలా ఉంటాయి. నీరు బయటికి పోదు. కాలాక తోలు ఒలిస్తే తెల్లటి కండ ఆవిర్లు కక్కుతూ వస్తుంది. దానికి ఉప్పు, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ కలిపి నలిపితే అన్నంలోకి ఇంకేం అక్కర్లేదు. నూనె లేని ఇంట్లో పుట్టిన వంట అది. నూనె కొనలేని రోజుల్లో అవ్వ అమ్మ దగ్గర అవ్వ నేర్చుకుంది.

మేం గట్టిగా నవ్వుకుంటూ తింటుంటే పక్క బల్ల మీది పెద్దాయన మా మాట విని, "మీది తెనాలి వైపా?" అన్నాడు. చెరుకుపల్లి అన్నాం. ఆయన మొహం విప్పారింది. ఆయనదీ ఆ పక్క ఊరేనట, పొలం ఉందట, పిల్లల కోసం బెజవాడలో ఉంటున్నాడట. రెండు నిమిషాలు కాలువల గురించి, ధాన్యం ధర గురించి మాట్లాడాడు. ఆ తర్వాత మేం ఎదురుచూస్తున్న మాట రానే వచ్చింది.

"ఇంతకీ మీరేమిట్లు?"

మన జిల్లాల్లో ఈ ప్రశ్నకి అర్థం అందరికీ తెలుసు. జవాబులు కూడా మా దగ్గర తయారుగా ఉంటాయి. కాలేజీలో ఒకటి చెప్పాం, అద్దె గది కోసం ఇంకొకటి చెప్పాం. బాపట్ల పక్కన స్టువర్టుపురం ఎరుకల అన్నదమ్ములు ఊరి పేరు చెప్పడానికే జంకిన కాలం ఉంది. నేరస్థ జాతుల చట్టం 1952లో రద్దయింది. జంకు మాత్రం రద్దు కాలేదు. మా ఉద్యోగస్తుడు, "చేపల వ్యాపారమండీ" అన్నాడు. వాడి చెవులు ఎర్రబడటం మేం చూశాం.

అవ్వ చేప తల పక్కన పెట్టి చెయ్యి తుడుచుకుంది. "మేం యానాదోళ్ళమయ్యా" అంది.

బల్ల మీద కాసేపు మాట లేదు. ఆయన భార్య తన పళ్ళెంలోకి చూసుకుంది. మాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కానీ ఆయన అన్న మాట మేం ఊహించింది కాదు. "అట్టాగా అవ్వా! మా చేలో ఈ ఏడు ఎలకలు పిచ్చెత్తించేశాయి. మందు పెట్టినా చావడం లేదు. మీవాళ్ళనెవరినైనా పంపగలవా?" అన్నాడు.

ఆ మాటని ఎలా తీసుకోవాలో మాకు ఇప్పటికీ తేలలేదు. ఇస్త్రీ చొక్కాలేసుకుని, జేబులో గుర్తింపు కార్డుతో ఆయన పక్కన తింటున్నవాళ్ళం, యానాదులమని తెలిసిన నిమిషంలో ఎలకలు పట్టేవాళ్ళమయ్యాం. మా ఉద్యోగస్తుడి ముద్ద గొంతు దిగలేదు. అవ్వకి అవేమీ పట్టలేదు. ఆమెకి అది పని కబురు.

"తోకకి ఎంతిస్తావు?"

ఆయన 20 రూపాయలన్నాడు. అవ్వ 40 అంది. కన్నం తవ్వడానికి ఎంత పొద్దు పడుతుందో, కుండలో గడ్డి పెట్టి పొగ ఊదితే ఊపిరి ఎలా పడుతుందో, కన్నంలో పాముంటే ఏమవుతుందో వివరంగా చెప్పింది. ఒక పంటలో ఒక్కో ఎలక ఎంత ధాన్యం కన్నంలోకి లాగుతుందో కూడా చెప్పింది. కన్నాల్లో దొరికే వడ్లు తవ్వినవాళ్ళవేనని ముందే ఖరారు చేసుకుంది. పక్క బల్లలవాళ్ళు కూడా తినడం ఆపి విన్నారు. ఆ చదువు అక్కడున్న వాళ్ళలో ఇంకెవరి దగ్గరా లేదు. చివరికి ఆయన నవ్వి ఒప్పుకుని, మా ఫోన్ నంబరు రాసుకున్నాడు.

ఆ రాత్రి తిరిగొచ్చాక మాకు నిద్ర పట్టలేదు. గ్రిల్, బార్బెక్యూ అని అంత ఖరీదుగా రాసుకునే ఆ మాటలెక్కడివని వెతికి చదివాం. బార్బెక్యూ అన్న మాట కరీబియన్ దీవుల్లోని తైనో అనే ఆదివాసులది. కర్రలతో మంచెలాంటిది కట్టి, కింద నిప్పు పెట్టి, పైన చేపా మాంసమూ కాల్చుకునేవారు. దాన్ని బార్బకోవా అనేవారట. 1492లో కొలంబస్ వచ్చాక కొన్ని దశాబ్దాల్లోనే రోగాలతో, వెట్టిచాకిరీతో ఆ జనంలో చాలామంది చనిపోయారు. వాళ్ళ మాట మాత్రం స్పానిష్ వాళ్ళ నోటి మీదుగా ప్రపంచమంతా తిరిగి మన బెజవాడ బోర్డు మీదికొచ్చింది. బాగ్దాద్‌లో టైగ్రిస్ నది ఒడ్డున హోటళ్ళలో చేపని వీపు వైపు చీల్చి, విప్పి, కట్టెల మంట చుట్టూ నిలబెట్టి కాలుస్తారు. మస్గూఫ్ అంటారు దాన్ని. అక్కడ అది ఊరంతా గొప్పగా చెప్పుకునే వంట. మన దగ్గర అరకు, మారేడుమిల్లి కొండల్లో పుట్టిన బొంగు వంట ఇప్పుడు పట్నాల మెనూల్లో ఉంది. దాన్ని కాల్చడం నేర్పిన కొండ జనం పేరు మేం చూసిన కార్డులో లేదు.

ఇక్కడ మేం మా గురించి కూడా చెప్పాలి. మమ్మల్ని బళ్ళో "ఎలకలు తినేవాళ్ళు" అనేవాళ్ళు. ఆ మాటకి భయపడి క్యారేజీ మూత పూర్తిగా తీయకుండా, మూత చాటున తినేవాళ్ళం. కానీ తిండిని బట్టి మనిషిని కొలవడం మాలో లేదా? మంచి యానాదులు, చల్ల యానాదులు, అడవి యానాదులు, కప్పల యానాదులు అని మాలో మేమే పేర్లు పెట్టుకున్నాం. థర్‌స్టన్ దొర 1909లో అచ్చువేసిన పుస్తకంలో కూడా ఈ తేడాలు రాశాడు. కప్పలు తినేవాళ్ళ ఇంట్లో నీళ్ళు తాగని పెద్దలు మా చుట్టాల్లో ఉన్నారు. పక్క బల్ల ఆయన్ని అనే ముందు మా బల్ల మీద కూడా చూసుకోవాలి.

బిల్లు 2,460 రూపాయలైంది. మా ఉద్యోగస్తుడు ఇచ్చాడు. అవ్వకి చెప్పొద్దనుకున్నాం, అయినా అడిగి తెలుసుకుంది. వేళ్ళు లెక్కపెట్టి, "అరవై తోకలు పైనే" అంది.

బయటికొచ్చి కాసేపు నీళ్ళ దగ్గర నిలబడ్డాం. బ్యారేజీ దీపాలు నీళ్ళలో వణుకుతున్నాయి. మొదటి ఆనకట్ట ఇక్కడ 1855లో పూర్తయింది. అది పాడయ్యాక కట్టిన ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది. డెబ్భై గేట్లు. అవతలి గట్టున సీతానగరం దగ్గర పశ్చిమ డెల్టా కాలువ బయలుదేరుతుందని, అది చీలి చీలి మన చెరుకుపల్లి చేలకొస్తుందని అవ్వకి చెప్పాం. కాలువ గట్టు మీదే పుట్టి, గట్టు మీదే పిల్లల్ని కని, గట్టు ఖాళీ చెయ్యమని మూడుసార్లు అనిపించుకున్న మనిషి అవ్వ. ఆ కాలువ ఎక్కడ మొదలవుతుందో ఆమె చూడటం అదే మొదటిసారి. చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. "అయితే మన నీళ్ళ దగ్గరే తిన్నామన్నమాట" అంది.

టీచర్లకి ఒక మాట. పాఠం చెప్పేటప్పుడు మా పిల్లల్ని "నిన్న మీ ఇంట్లో ఏం వండారు?" అని అడగండి. జవాబు విని మిగతా పిల్లలు నవ్వితే, ఆ వంట ఎలా చేస్తారో బోర్డు దగ్గరికి పిలిచి చెప్పించండి. చేప ఏ నెలలో ఏ నీళ్ళలో దొరుకుతుంది, ఊత ఏ వెదురుతో అల్లుతారు, ఎలక కన్నానికి దారులెన్ని ఉంటాయి అన్నవన్నీ సైన్సే. తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ మా మాట ఇది: "మీరేమిట్లు?" అని అడిగితే ఏం చెప్పాలో మాకు నేర్పింది మా డిగ్రీలు కాదు, బడి మొహం చూడని అవ్వ. ఇంకో మాట. మీ ఊళ్ళో చెరువు గట్టు మీద ఉన్న పెదనాన్న అడ్వాన్సు లెక్క ఒకసారి మీరు చదివి చూడండి. మేం చూడటం ఆలస్యం చేశాం. మొన్న వెళ్ళి ఆ పుస్తకం అడిగాం. ఇంకా చూపించలేదు, మళ్ళీ వెళ్తాం.

వరి కోతలకి ముందు ఆ పెద్దాయన నిజంగానే ఫోన్ చేశాడు. మా మామయ్యలు ఇద్దరు కుండలూ గునపాలూ తీసుకుని వెళ్ళారు. సెలవు రోజు కావడంతో మా ఉద్యోగస్తుడు కూడా వెళ్ళాడు. తోకకి 40 చొప్పున లెక్క రాసింది వాడే. పని అయ్యాక ఆయన వాడితో, "మా మోటారు దగ్గర తీగ వేలాడుతోంది, ఎవరికి చెప్పాలి బాబూ?" అని అడిగాడు.

"నాకే చెప్పాలండీ" అన్నాడు వాడు.