మధ్యాహ్నము తెరిచే బాక్సు



బడికి వెళ్ళే పిల్లల బాక్సు మనము ఉదయము ఏడు గంటలకు సర్దుదుము. పిల్లలు దానిని తెరిచేది మధ్యాహ్నము పన్నెండున్నరకు. సర్దినప్పుడు కమ్మగా ఉన్న అన్నము అయిదున్నర గంటల తరువాత ఎట్లున్నదో తల్లి చూడదు, బిడ్డ మాత్రమే చూచును. ఈ చిన్న సంగతిని గూర్చియే ఈ నెల నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

గత సంవత్సరము మా గ్రామములో ఏడవ తరగతి చదువుచున్న ఒక పాప బడిలో కళ్ళు తిరిగి పడిపోయినది. ఆ పాప బస్సెక్కి మండల కేంద్రములోని ప్రైవేటు బడికి వెళ్ళుచున్నది. ఆసుపత్రిలో పరీక్ష చేసి, రక్తము తక్కువగా ఉన్నదని చెప్పి ఐరన్ మాత్రలు ఇచ్చారు. మేము చూడబోయినప్పుడు ఆ తల్లి, "రోజూ బాక్సు నిండా పెట్టి పంపుతున్నాను అయ్యగారూ, తిండికి ఏమీ లోటు చేయలేదు" అని ఏడ్చినది. ఆమె చెప్పినది నిజమే. కూలివారి ఆటో ఏడింటికే వచ్చును గనుక నాలుగున్నరకే లేచి వండుచున్నది. బాక్సు కూడ ప్రతి సాయంత్రము ఖాళీగానే తిరిగి వచ్చుచున్నది.

మరునాడు నా భార్య ఆ పాప ప్రక్కన కూర్చొని మెల్లగా అడిగినది. అప్పుడు అసలు సంగతి తెలిసినది. వేడి అన్నమునకు వెంటనే మూత బిగించుట వలన ఆవిరి నీరై, అన్నము ముద్దయి పోవుచున్నది. చారు కారి పుస్తకములు తడియుచున్నవి. తోటి పిల్లలు నవ్వుచున్నారు. పాప నాలుగు ముద్దలు తిని, మిగిలినది కుళాయి దగ్గర కుక్కలకు వేసి, బాక్సు కడిగి తెచ్చుచున్నది. "అమ్మకు చెప్పకండి అమ్మగారూ, అంత పొద్దున్నే లేచి వండుతుంది, బాధపడుతుంది" అన్నది.

నా భార్య చెప్పలేదు. పాపనే చెప్పమని ధైర్యము చెప్పినది. రెండు రోజులకు ఆ బిడ్డ చెప్పినది. తల్లి కోపపడలేదు. "అయితే ఏమి పెడితే తింటావే?" అని అడిగినదట. ఆ ఇంటిలో ఆ ప్రశ్న అడుగుట అదే మొదటిసారి.

ఇది ఒక ఇంటి బాధ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 సంవత్సరముల స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉన్నది. ఎదుగుచున్న ఆడపిల్లల విషయములో మనము మరింత మెలకువగా ఉండవలెను.

బాక్సులో ఎంత ఉండవలెను? దీనికి ఒక మంచి కొలత మన యెదుటనే ఉన్నది. ప్రభుత్వ బడులలో వండిన భోజనము పెట్టవలెనని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించినది. ఆ పథకములో ఆరు నుండి ఎనిమిదవ తరగతి పిల్లలకు పూటకు 150 గ్రాముల బియ్యము, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు అని కొలత పెట్టారు. మన బాక్సును ఈ కొలతతో పోల్చి చూడండి. బియ్యము సరిపోవును. పప్పు ఏది? కూర ఏది? ఆవకాయ ముక్క రుచికే గాని కూరకు బదులు కాదు.

పొద్దున తీరిక లేని తల్లులు కూడ చేయగలవి కొన్ని చెప్పుచున్నాను.

అన్నమును వెడల్పాటి పళ్ళెములో పరచి, ఆవిరి పోయిన తరువాతనే సర్ది మూత పెట్టండి. రాత్రి బయట మిగిలిన అన్నమును తాలింపు పెట్టి బాక్సులో పంపవద్దు. అట్టి అన్నములో పెరిగే ఒక రకము క్రిమి విడిచే విషము మరల వేడి చేసినను పోదు.

చారు, పులుసు ఇంటిలో తినుటకు ఉంచండి. బాక్సుకు తోటకూర గాని పాలకూర గాని వేసి గట్టిగా వండిన పప్పు మంచిది. నిమ్మకాయ పులిహోరలో గుప్పెడు వేరుశనగ గుండ్లు వేయండి. నిమ్మరసము ఆకుకూరలలోను పప్పులలోను ఉన్న ఇనుమును ఒంటికి పట్టించును. భోజనము వెంటనే టీ త్రాగితే ఆ మేలు తగ్గిపోవును.

నీడన ఆరబెట్టిన మునగాకును వేయించిన మినపప్పు, నువ్వులు, ఎండుమిర్చితో కలిపి పొడి కొట్టి ఉంచుకొంటే వారమంతా వచ్చును. రాత్రి నానబెట్టిన శనగలు పొద్దున ఉడికించి తాలింపు పెట్టవచ్చును. ఉడికించిన గ్రుడ్డును పెంకు తీయకుండ పెట్టండి. ఒక గ్రుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉన్నవి. పెరుగన్నము పులియకుండ ఉండవలెనంటే చల్లారిన అన్నములో కాచి చల్లార్చిన పాలు పోసి, ఒక చెంచా పెరుగు కలపండి. మధ్యాహ్నమునకు తియ్యగా తోడుకొని ఉండును. కొబ్బరి పచ్చడి ఎండాకాలములో త్వరగా పాడగును గనుక వద్దు. దొడ్డిలో జామచెట్టు ఉంటే ఒక కాయ చేతికి ఇవ్వండి. దుకాణములోని పది రూపాయల చిప్సు పొట్లము కంటె అది ఎంతో మేలు.

ఆ పాప ఇంటిలో ఇప్పుడు కూరకు వేరుగా బిగుతు మూత ఉన్న చిన్న డబ్బా కొన్నారు. ఆదివారము సాయంత్రము పాపయే మునగాకు పొడి కొట్టుచున్నది. తాను కొట్టిన పొడి గనుక స్నేహితురాండ్రకు కూడ పంచుచున్నదట. మూడు నెలల తరువాత పరీక్షలో రక్తము పెరిగినదని నర్సమ్మ చెప్పినది. మాత్రల వలన ఎంత, తిండి వలన ఎంత అని మేము లెక్క వేయలేదు. రెండును కావలెను.

తల్లులారా, తండ్రులారా, ఖాళీ బాక్సును చూచి తృప్తిపడవద్దు. ఈ రాత్రి భోజనమునకు కూర్చున్నప్పుడు బిడ్డను దగ్గరకు పిలిచి, "బాక్సు తెరిచినప్పుడు అన్నము ఎట్లా ఉంటున్నది?" అని అడగండి. గద్దించకుండ అడగండి. చెప్పునంతవరకు ఓపికతో వినండి. రేపటి బాక్సులో ఏమి పెట్టవలెనో ఆ జవాబులోనే తెలియును.