అందరి డిస్కు

ఒక టెరాబైటు హార్డ్‌డిస్కును విండోస్ కంప్యూటరుకు తగిలిస్తే 931 జీబీ అని చూపిస్తుంది. అదే డిస్కును మ్యాక్‌కు తగిలిస్తే 1 టీబీ అంటుంది. మధ్యలో ఎవరూ ఏమీ తీసింది లేదు, చేర్చింది లేదు. విండోస్ మెట్టుమెట్టుకూ 1024తో లెక్కకడుతుంది. మ్యాక్ 2009 నాటి స్నో లెపర్డ్ వెర్షన్ నుంచి, డిస్కు తయారుచేసేవాళ్లలాగే, వెయ్యితో కడుతోంది. రెండు లెక్కలూ సరైనవే. అరచేతిలో పట్టే వస్తువు గురించి ఇద్దరు సాక్షులు చెరొక మాట చెప్పడం, ఆ రెండు మాటలూ నిజమే కావడం నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేస్తుంది.

తీగ దగ్గర ఏ తగవూ లేదు. యూఎస్‌బీ తొలి ప్రమాణం 1996లో వచ్చింది. ఆ తరవాత ఏ డిస్కయినా ఏ కంప్యూటరుకైనా తగిలించవచ్చునన్నది మామూలు విషయమైపోయింది. అసలు డిస్కుకు ఫైలు అంటే ఏమిటో తెలియదు. దానికి తెలిసినవి వరసగా సంఖ్యలు వేసిన గదులు మాత్రమే. గదికి 512 బైట్లు, లేదంటే 4096. ఫలానా గదిలో ఉన్నది ఇమ్మంటే ఇస్తుంది, ఫలానా గదిలో రాయమంటే రాస్తుంది. అడిగింది విండోసా, మ్యాకా, లినక్సా అన్నది దానికి పట్టదు. ఏ గదుల్ని ఏ వరసలో కలిపితే ఒక ఫొటో అవుతుందో చెప్పే పట్టిక కూడా ఆ గదుల్లోనే ఒకచోట రాసి ఉంటుంది. ఆ పట్టికను చదవడం తెలిసిన యంత్రానికి అది ఫొటో, తెలియని యంత్రానికి అంకెల రాశి. మనం డిస్కులో దాచుకున్నామనుకునేది సగమే డిస్కులో ఉంటుంది. మిగతా సగం చదివే యంత్రంలో ఉంటుంది.

ఆ పట్టిక రాసే పద్ధతినే ఫార్మాట్ అంటున్నాం. విండోస్ వంశానికి 1993లో ఎన్‌టీఎఫ్‌ఎస్ వచ్చింది. మ్యాక్‌కు 1998లో హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్, 2017లో ఏపీఎఫ్‌ఎస్ వచ్చాయి. లినక్స్‌కు 2008లో ఈఎక్స్‌టీ4 స్థిరపడింది. ప్రతిదీ తన ఇంటి అవసరాలకు పుట్టిందే, అందులో తప్పుపట్టవలసింది ఏమీ లేదు. చిక్కు వచ్చేది ఒకరి డిస్కు ఇంకొకరి వాకిట్లోకి వచ్చినప్పుడు.

అమెరికా నుంచి వచ్చిన కూతురు మ్యాక్‌లో ఫొటోలు నింపి తెచ్చిన ఏపీఎఫ్‌ఎస్ డిస్కును అమ్మానాన్నల విండోస్ కంప్యూటరుకు తగిలిస్తే చాలాసార్లు అసలు కనిపించదు. దానికొక డ్రైవ్ అక్షరం కూడా దక్కదు. లినక్స్‌లో ఈఎక్స్‌టీ4గా తయారైన పెన్‌డ్రైవ్‌ను తగిలిస్తే, వాడాలంటే ముందు ఫార్మాట్ చెయ్యమని అదే విండోస్ తరచూ అడుగుతుంది. మ్యాక్ అయితే ఈ డిస్కు నాకు చదవరాదని ఒప్పుకుని ఇనిషియలైజ్, ఇగ్నోర్, ఎజెక్ట్ అని మూడు దారులు చూపిస్తుంది. చదవరాదని చెప్పడం వేరు, తుడిచేద్దామా అనడం వేరు. తనకు తెలియని లిపి ఎదురైతే పలకంతా తుడిచి కొత్తగా రాసుకోమనే సలహా ఆ రెండో మాటలో ఉంది. డిస్కు నిండుగా ఉంది, భద్రంగా ఉంది, ఒక్క అక్షరమూ చెడలేదు. అయినా ఒక్క నొక్కుతో పోగలదు. కంప్యూటర్ల భాషలో అన్నిటికన్నా తొందరపాటు వాక్యం ఆ ఫార్మాట్ చెయ్యమనేదేనని నా అభిప్రాయం.

ఈ యంత్రాలు ఒకదాని పద్ధతిని ఒకటి బొత్తిగా ఎరగవని కాదు. మ్యాక్ ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కును చదువుతుంది, రాయదు. లినక్స్ వాళ్లు ఆ పద్ధతి లోపలి వివరాలు ఎవరూ ప్రచురించకపోయినా డిస్కులను పరిశీలించి పరిశీలించి తెలుసుకున్నారు. 2007 నాటికి ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ అనే చోదకంతో (డ్రైవర్‌తో) చదవడమే కాదు, నమ్మకంగా రాయడమూ సాధ్యమైంది. పొరుగువాడి రాత తనంతట తాను నేర్చుకోవడానికి ఎంత ఓపిక పట్టాలో ఊహించుకుంటే వాళ్ల మీద గౌరవం కలుగుతుంది.

ఇన్నిటి మధ్య అందరూ చదవగలిగింది అన్నిటికన్నా ముసలిది. ఫ్యాట్ పద్ధతి 1977లో, ఫ్లాపీల రోజుల్లో పుట్టింది. మార్క్ మెక్‌డొనాల్డ్ దాని తొలి రూపాన్ని రాశారు. 1996లో ఫ్యాట్32 అయింది. కెమెరా చదువుతుంది, టీవీ చదువుతుంది, కారులో పాటలపెట్టె చదువుతుంది. ఎందుకంటే అందులో చదవడానికి పెద్దగా ఏమీ లేదు. ఈ ఫైలు ఎవరిది అన్నది అది రాసుకోదు. ఎవరు తెరవవచ్చు, ఎవరు తెరవకూడదు అన్నదీ రాసుకోదు. కాలం కూడా స్థూలంగానే పట్టుకుంటుంది: ఫైలు మార్చిన సమయాన్ని రెండేసి సెకన్ల మెట్లలో, ఏ దేశపు గడియారమో చెప్పకుండా నమోదు చేస్తుంది. ఒక ఫైలు 4 జీబీకి చేరకూడదు. అందుకే పాత కెమెరాల్లో పెళ్లి వీడియో తాళి కట్టే ఘట్టం మధ్యలోనే రెండు ముక్కలైన సందర్భాలుంటాయి.

గుర్తుపెట్టుకునేవి ఎంత తగ్గితే అంతమందికి పనికొస్తుందన్న ఈ లెక్క మొదట నష్టంలా కనిపిస్తుంది. కానీ యజమాని పేరు రాసుకునే పద్ధతుల సంగతి చూస్తే ఇంకో కోణం తెలుస్తుంది. లినక్స్ డిస్కు మీద యజమాని ఒక అంకె మాత్రమే. ఉబుంటులో మొదటి వాడుకరికి సాధారణంగా 1000 వస్తుంది. ఆ డిస్కును ఇంకో ఇంట్లో ఇంకో ఉబుంటుకు తగిలిస్తే, అక్కడ 1000 ఎవరికి ఉంటే ఫైళ్లన్నీ వాళ్లవే. ఇల్లు దాటాక నిలవని హక్కును రాసుకోకపోవడంలో ఫ్యాట్ పోగొట్టుకున్నది మరీ అంత ఎక్కువేమీ కాదు.

2006లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ఫ్యాట్ తెచ్చింది. 4 జీబీ గోడ కూలింది, ముసలి ఫ్యాట్ నిరాడంబరత మాత్రం మిగిలింది. మ్యాక్ 2010లోనే దాన్ని ఒప్పుకుంది. లినక్స్‌లో అధికారికంగా చేరడానికి ఆటంకం సాంకేతికం కాదు, హక్కులది. 2019 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ఆ పద్ధతి వివరాలు బయటపెట్టింది. మరుసటి ఏడు లినక్స్ మూలభాగమైన 5.7 కెర్నెల్‌లో అది కుదురుకుంది. పదమూడేళ్లపాటు ఒకరి సొత్తుగా ఉన్నది, యజమాని పిడికిలి సడలించాకే నిజంగా అందరిదీ అయింది. ఇవాళ రెండు మూడు రకాల కంప్యూటర్ల మధ్య తిరిగే డిస్కుకు ఇంతకంటే మంచి ఎంపిక నాకు కనిపించదు.

డిస్కు చేరినంత మాత్రాన రాత చేరినట్టు కాదు. పేజ్‌మేకర్‌లో ‘అను’ అనే పేరుగల ఫాంట్లతో కూర్చిన తెలుగు పుస్తకాల ఫైళ్లు ఎన్నో డిస్కుల్లో ఉన్నాయి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో అవి అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాల వరసలుగా తెరుచుకుంటాయి. యూనికోడ్ వచ్చాక ఆ బాధ చాలావరకు తీరింది కానీ పూర్తిగా కాదు. విండోస్‌కు ఇంగ్లిష్‌లో పెద్దబడి అక్షరాలతో రాసిన ఫైలు పేరూ, చిన్నబడి అక్షరాలతో రాసిన అదే పేరూ మామూలుగా ఒకటే, లినక్స్‌కు వేరు. మనకు ఆ భేదమే లేదు కాబట్టి తెలుగు పేర్లకు ఆ తగవు అంటదు. మనకు వచ్చేది ఇంకొకటి. ‘ై’ అన్న ఐత్వాన్ని యూనికోడ్ ఒకే గుర్తుగానూ రాయనిస్తుంది, ఎత్వమూ దాని కింది గీతా అన్న రెండు గుర్తులుగానూ రాయనిస్తుంది. హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైళ్ల పేర్లను విడదీసే దాచుకునేది. అలాంటి మ్యాక్‌లో ‘హైదరాబాద్’ అన్న ఫోల్డరును జిప్ చేసి, లినక్స్‌లో అదే పేరుగల ఫోల్డరు పక్కన విప్పితే రెండు హైదరాబాదులు నిలబడతాయి. కంటికి తేడా లేదు, యంత్రానికి పొంతన లేదు. వెతికితే ఒకటి దొరుకుతుంది, రెండోది దొరకదు. ఇంత పెద్ద భాషలో చీలేది ఈ ఒక్క గుర్తే కావడం, అది మన మహానగరం పేరులో మొదటి అక్షరానికే తగలడం వింతే.

ఎక్స్‌ఫ్యాట్ నిరాడంబరతకు ఒక ధర ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. ఎన్‌టీఎఫ్‌ఎస్, ఏపీఎఫ్‌ఎస్, ఈఎక్స్‌టీ4 వంటివి పని మధ్యలో కరెంటు పోయినా పట్టిక చెడకుండా తమ తమ జాగ్రత్తలు తీసుకుంటాయి. అందరి డిస్కుకు ఆ రక్షణ లేదు. పైగా కాపీ పూర్తయిందని తెర మీద కనిపించిన క్షణానికి కొంత భాగం ఇంకా కంప్యూటరు జ్ఞాపకంలోనే ఉండవచ్చు. అందుకే ఎజెక్ట్ నొక్కి డిస్కు తీయడమన్నది ఇక్కడ మర్యాద కోసం కాదు, అవసరం. తిరిగే డిస్కు తిరగడానికే. ఒక్కటే ప్రతి ఉన్న ఫొటోలను దాని మీద వదిలేయడం నాకు సమ్మతం కాదు. అవి ఇంట్లో కదలకుండా ఉండే డిస్కు మీద, ఆ ఇంటి కంప్యూటరు సొంత పద్ధతిలోనే ఉండాలి. ఆ రెండో డిస్కు మీద చిన్న చీటీ అంటించి దాని ఫార్మాట్ పేరు రాసిపెట్టాలి. ఎప్పుడో ఎవరో దాన్ని ఇంకో రకం కంప్యూటరుకు తగిలిస్తారు. ఫార్మాట్ చెయ్యమంటారా అన్న ప్రశ్న వస్తుంది. ఏం నొక్కాలో వాళ్లకు ఆ చీటీయే చెప్పాలి.