ఊట

డల్లాస్‌లో ఫ్రెండ్ ఇంటి గరాజ్‌లో ఒక మూల స్టౌట్ పులుస్తోంది, ఇంకో మూల గోధుమ బీర్ సీసాల్లో మాగుతోంది. "ఏల్‌కి 20 డిగ్రీలు చాలు. లాగర్‌కి 10 డిగ్రీల చలి కావాలి, ఆ తర్వాత వారాల తరబడి ఓపిక కావాలి" అన్నాడు వాడు. 1978లో కార్టర్ సంతకం పెట్టిన చట్టంతో అమెరికాలో ఇంటి బీర్‌కి దారి దొరికింది.

వీడియో కాల్‌లో గిద్దలూరులో ఉన్న మా జేజికి చూపించాను. కళ్లు చిట్లించి చూసి, "ఊటేనా?" అంది.

మా వైపు ఊట అంటే బానలో నానేసిన బెల్లం, తుమ్మచెక్క. నల్లమల అంచున ఎక్సైజ్ వాళ్లు ఇప్పటికీ పారబోసేది దాన్నే. అడవిలో చెంచుల ఇప్పపువ్వూ అలాగే ఊరేది. పూలు రాలాలి, ఎండాలి, పులియాలి. తర్వాత సర్కారు వేలంపాట సారా పాకెట్లలో ఊళ్లోకొచ్చింది. పాకెట్‌కి రుతువు లేదు, ఎదురుచూపు లేదు. తాత కూలి డబ్బులు దానికే పోయాయి, ఆ తర్వాత తాతా పోయాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు లేచారు. 1993 అక్టోబర్ 1న సారా ఆగింది. మా ఇంటికి అప్పటికే ఆలస్యమైంది.

బీర్ రకాల గురించి చెప్తుంటే నా గొంతులో ఉత్సాహం నాకే ఇబ్బందిగా అనిపించింది. జేజి మాత్రం రెండే అడిగింది.

"అమ్ముతాడా?"

"లేదు జేజీ, ఇంట్లో తాగడానికే."

"ఎన్నాళ్లుంచాల?"

"ఆరు వారాలు."

కాసేపు మాట్లాడలేదు. "మీ తాత పొద్దు గూకేదాకా కూడా ఆగేటోడు కాదురా" అంది.

ఆ రాత్రి ఫ్రెండ్ స్టౌట్ పోశాడు. బాగుంది. రెండో గ్లాసు అడగబోయి ఆగాను.