నిచ్చెన

2023 డిసెంబర్ మొదటి వారం. మా పై వాటాలో ఉండే సిస్టరమ్మ గుమ్మం దగ్గర నిలబడి, "భాయ్ గారూ, స్టార్ కట్టాలి. మీ నిచ్చెన ఒకసారి ఇస్తారా?" అని అడిగారు. రిటైరైన నర్సు ఆవిడ. వీధిలో అందరూ సిస్టరమ్మ అనే పిలుస్తారు. మా వెదురు నిచ్చెన పెరటి గోడకి ఆనించే ఉంది. నేను మాత్రం "విరిగిందండీ" అన్నాను. క్రిస్మస్ స్టార్‌కి నా నిచ్చెన దేనికి అని దిల్‌లో ఏదో మూల అనిపించింది. అది ఝూట్ అని ఆవిడకి తెలుసు. వాళ్ల మెట్ల మీద నుంచి మా పెరడు కనపడుతుంది. "పర్లేదండీ" అని నవ్వి వెళ్లిపోయారు.

మాది బెజవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు గట్టుకి గండ్లు పడ్డాయి. కొల్లేటికి పోవాల్సిన నీళ్లు మా వీధుల్లోకి వచ్చేశాయి. మర్నాటికి ప్రకాశం బరాజ్ దగ్గర కృష్ణ కూడా 11 లక్షల క్యూసెక్కులు దాటింది. మాది కింది వాటా. చూస్తుండగానే నీళ్లు మంచం కోళ్లు ముంచేశాయి. మా అమ్మీ మోకాళ్ల నొప్పులతో అడుగు తీసి అడుగు వేయలేదు. నేను పైకి చూసి పిలవలేదు. పిలవడానికి మొహం చెల్లలేదు. సిస్టరమ్మే కొడుకుని వెంటబెట్టుకుని దిగొచ్చారు. కుర్చీలో కూర్చోబెట్టి అమ్మీని పైకి మోసుకెళ్లాం.

ఐదు రోజులు అక్కడే ఉన్నాం. కరెంటు లేదు. పడవ వస్తేనే తాగే నీళ్లు, పాలు. ఉన్న ఒక్క పాల ప్యాకెట్‌తో ముందు అమ్మీకి చాయ్ పెట్టేవారు. "పెద్దమ్మగారూ, మీకు హలాల్ పట్టింపు కదా" అని కొత్త గిన్నె తీసి పప్పు కిచిడీ వండారు. ఖిబ్లా ఎటో అడిగి ఆ వైపుకి కుర్చీ తిప్పి పెట్టారు. నీళ్లకి కటకటగా ఉందని అమ్మీ తయమ్ముమ్ చేసుకుంటానంటే, అర చెంబు నీళ్లు దాచి ఉంచి, వజూ చేసుకోమని ఇచ్చారు. రాత్రి వాళ్ల ప్రార్థనలో మా అమ్మీ ఆరోగ్యం కోసం కూడా అడిగేవారు. పక్క గదిలోంచి అమ్మీ "ఆమీన్" అనేది.

ఓ రాత్రి ఉండబట్టలేక అడిగాను. "మా మీద ఇంత ఎహసాన్ ఎందుకు, సిస్టర్ గారూ?"

"ఇందులో ఏముందండీ? ఆకలైనవాళ్లకి అన్నం, దాహమైనవాళ్లకి నీళ్లు. మా ఏసయ్య అడిగింది అదేగా" అన్నారు కొవ్వొత్తి సరిచేస్తూ.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సూరా మాఊన్ గుర్తొచ్చింది. ఏడే ఏడు ఆయత్‌లు. చిన్నప్పటి నుంచి నమాజులో చదువుతున్నదే. మాఊన్ అంటే ఇరుగుపొరుగు ఇచ్చిపుచ్చుకునే చిన్నచిన్న వస్తువులు. తఫ్సీర్ చెప్పిన ఉలమా గొడ్డలి, కుండ, బొక్కెన లాంటివి మిసాల్‌గా చూపించారు. నమాజు చేస్తూ అవి కూడా ఇవ్వనివాళ్ల గురించి ఆ సూరా. ఆ మిసాల్‌లలో నిచ్చెన లేదు, అంతే. నేను జుబాన్‌తో చదివిన సూరాని ఆవిడ అసలు చదవకుండానే చేసి చూపిస్తున్నారు. ఆవిడ దాన్ని ఏసయ్య ప్రేమ అంటారు. నాకు నా కితాబే అర్థమైంది.

నీళ్లు తీశాక కిందికి దిగితే పెరట్లో బురద తప్ప ఏమీ లేదు. నిచ్చెన కొట్టుకుపోయింది.

డిసెంబర్ వచ్చింది. కొత్త నిచ్చెన కొని, నేనే పైకి మోసుకెళ్లాను. "స్టార్ ఎప్పుడు కడుతున్నారండీ?"

సిస్టరమ్మ నిచ్చెన వంక చూసి, "బాగు చేయించారా?" అన్నారు.

"కొత్తదండీ." గొంతు పెగల్లేదు. "పాతది కూడా విరగలేదు, సిస్టర్ గారూ. మాఫ్ చేయండి."

"తెలుసు లెండి" అన్నారావిడ. "గట్టిగా పట్టుకోండి, మావాడు ఎక్కుతాడు."